గేమ్ స్కిన్‌లు ఎక్కడ అమ్మాలి, ఎక్కడ కొనాలి: నాలుగు దారులు, వాటిలో మోసం దూరే సందులు

గేమ్‌లో వచ్చిన స్కిన్ (తుపాకీకో కత్తికో కొత్త రూపం ఇచ్చే డిజిటల్ వస్తువు) అమ్మాలనుకునే ప్రతి ఒక్కరూ మొదట అడిగే ప్రశ్న "ఎక్కడ ఎక్కువ డబ్బు వస్తుంది?" అని. అంతకంటే ముందు ఇంకొకటి అడగాలి. వస్తువు మీ చేయి దాటాక, డబ్బు మీ చేతికి వచ్చేలోపు కొంత సమయం ఉంటుంది. కొనేవాళ్లకైతే డబ్బు కట్టాక, వస్తువు పూర్తిగా తమదయ్యేలోపు ఉండే సమయం అది. ఆ మధ్యలో రెండూ ఎవరి చేతిలో ఉన్నాయి? మోసం దూరేది ఆ సందులోనే. ఏ దారిలో ఆ సందు ఎంత పెద్దదో తెలుసుకుంటే, ఎక్కడ అమ్మాలో ఎక్కడ కొనాలో చాలావరకు తేలిపోతుంది.

నేను కౌంటర్ స్ట్రైక్ 2 మీదే ఎక్కువగా మాట్లాడతాను. దాని ముందు రూపమైన సీఎస్‌జీఓ రోజుల్లో, 2013 ఆగస్టు నుంచే అందులో స్కిన్‌లు ఉన్నాయి, ఆటగాళ్లు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే వీలుంది, ఆటలోని ఒక్కో కత్తి ధర వేల నుంచి లక్షల రూపాయల దాకా ఉంటుంది. మన హాస్టళ్లలో కంప్యూటర్ గేమ్ ఆడే పిల్లల దగ్గర ఉన్న ఖరీదైన వస్తువుల్లో ల్యాప్‌టాప్ తర్వాత ఇదే అయ్యుంటుంది కొన్నిసార్లు. పైగా అది ఉన్నట్టు ఇంట్లోవాళ్లకు తెలియదు.

మొదటి దారి: స్టీమ్ మార్కెట్

గేమ్ తయారు చేసిన వాల్వ్ కంపెనీ, స్టీమ్ అనే తన కంప్యూటర్ గేమ్‌ల స్టోర్‌లో నడిపే సొంత మార్కెట్ ఇది. మీరు ధర పెడతారు, ఎవరో కొంటారు, డబ్బు మీ స్టీమ్ వాలెట్‌లో పడుతుంది. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే పనే లేదు. వస్తువూ డబ్బూ ఒకే క్షణంలో చేతులు మారతాయి కాబట్టి సందు దాదాపు లేనట్టే.

దీనికి మీరు కట్టే ఖరీదు రెండు రకాలు. ఒకటి కమీషన్. కొనేవాళ్లు 1,150 రూపాయలు కడితే మీకు 1,000 వస్తుంది. మీకు వచ్చే మొత్తం మీద 5 శాతం స్టీమ్ ఫీజు, 10 శాతం గేమ్ ఫీజు. రెండోది ఇంకా పెద్దది: వాలెట్‌లో పడిన డబ్బు బ్యాంకుకు రాదు. దాంతో గేమ్‌లు కొనుక్కోవచ్చు, వేరే స్కిన్‌లు కొనుక్కోవచ్చు, అంతే.

చాలామంది ఈ రెండో కారణం చూసే బయటి దారులు పడతారు. ఆ డబ్బుతో మీరు చేయబోయేది ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. ఈ స్కిన్ అమ్మి ఇంకో స్కిన్ కొనుక్కోవడమే పని అయితే మీకు బ్యాంకులో డబ్బు అక్కర్లేదు. అలాంటివాళ్లు కూడా నాలుగు వందల కమీషన్ మిగుల్చుకోవడానికి మూడు వేల స్కిన్‌ను తెలియని మనిషికి పంపడం చూశాను. చాలా బాధనిపిస్తుంది.

రెండో దారి: వస్తువుకు వస్తువు

ఇద్దరు ఆటగాళ్లు ఒకే ట్రేడ్ ఆఫర్‌లో తమ తమ వస్తువులు పెట్టి, ఇద్దరూ ఒప్పుకున్నాక మార్చుకోవడం. ఇదీ ఒకే క్షణంలో జరుగుతుంది. ఆఫర్‌లో ఏం కనిపిస్తోందో అదే వస్తుంది, కనిపించనిది రాదు. మొత్తం భద్రత ఈ ఒక్క వాక్యంలో ఉంది. "ముందు నువ్వు పంపు, తర్వాత ఇంకో ఆఫర్‌లో నేను పంపుతా" అన్నారంటే అది ట్రేడ్ కాదు, దానం. "వస్తువును చెక్ చేయించాలి, మా అడ్మిన్‌కు పంపు" అన్నా అంతే. స్టీమ్ ఉద్యోగులు చాట్‌లోకి వచ్చి మీ వస్తువులు పరిశీలించరు. డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో అసలే రారు.

ఈ దారిలో మిగిలిన మోసం వస్తువు విలువ మీద జరుగుతుంది. ఒకే స్కిన్, ఒకే బొమ్మ, కానీ అరుగుదల వేరు. అరుగుదలకు సున్నా నుంచి ఒకటి దాకా ఒక అంకె ఉంటుంది. 0.07 లోపు ఉంటే ఫ్యాక్టరీ న్యూ, 0.15 దాకా మినిమల్ వేర్, 0.38 దాకా ఫీల్డ్ టెస్టెడ్, 0.45 దాకా వెల్ వోర్న్, ఆపైన బ్యాటిల్ స్కార్డ్. మాట్లాడుకున్నప్పుడు ఫ్యాక్టరీ న్యూ చూపించి, బేరం కుదరలేదన్నట్టు ఆఫర్ రద్దు చేసి, మళ్లీ పంపినప్పుడు ఫీల్డ్ టెస్టెడ్ పెడతారు. రెండోసారి మనం సరిగ్గా చూడం. పాత గేమ్ రూన్‌స్కేప్‌లో ట్రేడ్‌కు రెండో నిర్ధారణ తెర ఉండేది ఇలాంటి మార్పిడిని పట్టుకోవడానికే. స్టీమ్‌లో ఆ రెండో తెర మీ ఫోన్‌లోని స్టీమ్ యాప్. అక్కడ వచ్చిన వివరాలు చదవకుండా ఒప్పుకుంటే రక్షణ ఉన్నా లేనట్టే.

ధర విషయంలో ఎదుటివాళ్లు పంపిన స్క్రీన్‌షాట్ నమ్మకండి. 2025 అక్టోబర్ 22న వాల్వ్ ఒక మార్పు చేసింది: అయిదు కోవర్ట్ (చాలా అరుదైన రకం) స్కిన్‌లు ఇచ్చి ఒక కత్తి లేదా గ్లవ్స్ తీసుకోవచ్చంది. కత్తుల ధరలు ఒక్కసారిగా పడిపోయాయి, కోవర్ట్ స్కిన్‌ల ధరలు పెరిగాయి. అలాంటి రోజుల్లో నిన్నటి ధర చూపించి ఇవాళ ట్రేడ్ అడిగేవాళ్లు ఉంటారు. ఎంతకు అమ్మకానికి పెట్టారో కాదు, ఈ వారంలో ఎంతకు అమ్ముడుపోయిందో మీరే వెతికి చూసుకోండి.

మూడో దారి: బయటి అమ్మకపు సైట్లు

స్కిన్‌పోర్ట్, సీఎస్‌ఫ్లోట్ లాంటివి. చైనాలో నెట్‌ఈజ్ నడిపే బఫ్ కూడా ఈ రకమే, కాకపోతే అది అక్కడి చెల్లింపుల పద్ధతులకు ముడిపడి ఉంటుంది కాబట్టి మనకు అంత పనికిరాదు. వీటిలో నిజమైన డబ్బు వస్తుంది. అందుకే ధరలు సాధారణంగా స్టీమ్ మార్కెట్ కంటే తక్కువగా ఉంటాయి. కొనేవాళ్లకు అది లాభం. అమ్మేవాళ్లు స్టీమ్‌లో కనిపించే ధరే ఇక్కడా వస్తుందనుకుంటే నిరాశపడతారు.

సందు ఇక్కడ ఉంది, కానీ మధ్యలో ఒక సంస్థ నిలబడి ఉంటుంది. కొనేవాళ్ల డబ్బు ముందు సైట్ దగ్గరకు చేరుతుంది, వస్తువు వెళ్లినట్టు తేలాక మీకు వస్తుంది. వాల్వ్ ఈ సైట్లకు పూచీ పడదు కాబట్టి మీరు నమ్ముతున్నది ఆ సైట్‌నే. మీ స్కిన్ పెట్టకముందే రెండు విషయాలు చూసుకోండి. భారతీయ బ్యాంకు ఖాతాకు డబ్బు పంపే ఏర్పాటు ఉందా, దానికి ఏ గుర్తింపు పత్రం అడుగుతారు? అమ్మకం అయిపోయాక ఇవి తెలుసుకుంటే డబ్బు అక్కడే ఇరుక్కుంటుంది.

ఈ దారిలో జరిగే అసలు మోసం సైట్ చేసేది కాదు. సైట్ పేరు మీద మధ్యలో ఇంకెవరో దూరుతారు. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే రెండేళ్ల కిందట మా పిన్ని కొడుకు దీనికే బలయ్యాడు.

వాడు అప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడాది. ఒక స్నేహితుడి అకౌంట్ నుంచి మెసేజ్ వచ్చింది, మా టీమ్‌కు ఓటెయ్యరా అని. లింక్ నొక్కాడు, స్టీమ్ లాగిన్ పెట్టె తెరుచుకుంది, పాస్‌వర్డ్ కొట్టాడు, ఫోన్‌లో వచ్చిన కోడ్ కూడా ఇచ్చాడు. ఏమీ జరగలేదు. వారం గడిచింది. తర్వాత తన ఏకే-47 స్కిన్ ఒక సైట్‌లో అమ్మకానికి పెట్టాడు. కొన్నవాళ్ల నుంచి ఆఫర్ వచ్చింది, పేరు సరిపోయింది, బొమ్మ సరిపోయింది, ఫోన్‌లో ఒప్పుకున్నాడు. స్కిన్ వెళ్లింది. సైట్ మాత్రం "మీరు ఇంకా పంపలేదు" అంటూనే ఉంది.

జరిగింది ఇది. ఆ ఓటు పేజీలో లాగిన్ అయినప్పుడు మోసగాళ్లు వాడి అకౌంట్‌లో ఒక ఏపీఐ కీ (బయటి ప్రోగ్రామ్‌ను అకౌంట్‌తో కలిపే రహస్య కోడ్) తయారు చేసి పెట్టుకున్నారు. దాంతో వాడికి వచ్చే, వాడు పంపే ట్రేడ్ ఆఫర్లన్నీ వాళ్ల ప్రోగ్రామ్‌కు కనిపిస్తాయి. అసలైన ఆఫర్ రాగానే దాన్ని రద్దు చేసి, అదే పేరు, అదే బొమ్మ పెట్టుకున్న నకిలీ అకౌంట్ నుంచి అలాంటి ఆఫరే ఇంకొకటి పంపింది. అంతా కొన్ని సెకన్లలో. పోయిన వస్తువులను తిరిగి ఇవ్వడం స్టీమ్ సపోర్ట్ విధానం కాదు, అదే సమాధానం వచ్చింది.

కాబట్టి బయటి సైట్ వాడేవాళ్లు ఇవి అలవాటు చేసుకోవాలి. ట్రేడ్ ఒప్పుకునేటప్పుడు ఎదుటి అకౌంట్ స్టీమ్ లెవెల్, అది ఏ తేదీన మొదలైందో ఫోన్‌లో కనిపిస్తాయి. మంచి సైట్లు కూడా కొన్నవాళ్ల అకౌంట్ మొదలైన తేదీ చూపిస్తాయి. ఆ రెండు తేదీలూ కలవాలి. పేరు, బొమ్మ ఎవరైనా ఒక నిమిషంలో మార్చుకోగలరు, ఆ తేదీని మార్చలేరు. స్టీమ్‌లో వెబ్ ఏపీఐ కీ పేజీ ఒకటుంది, అప్పుడప్పుడూ తెరిచి చూడండి. మీరు పెట్టుకోని కీ అక్కడ కనిపిస్తే వెంటనే రద్దు చేసి, అన్ని పరికరాల నుంచి లాగౌట్ అయి, పాస్‌వర్డ్ మార్చండి.

నకిలీ లాగిన్ పెట్టెను పట్టుకోవడానికి రెండు పరీక్షలు ఉన్నాయి. ఆ చిన్న కిటికీని మౌస్‌తో పట్టుకుని బ్రౌజర్ అంచు దాటి బయటికి లాగండి. నిజమైన కిటికీ బయటికి వస్తుంది. పేజీలోనే గీసిన బొమ్మ అయితే అంచు దగ్గర ఆగిపోతుంది, పైన అడ్రస్ ఎంత సరిగ్గా కనిపించినా సరే. రెండోది ఇంకా సులువు: అదే బ్రౌజర్‌లో ముందే స్టీమ్ అసలు సైట్‌లో లాగిన్ అయి ఉండండి. అప్పుడు నిజమైన స్టీమ్ పేజీ మీ పేరు చూపించి, ఒక్క బటన్ నొక్కమంటుంది. పాస్‌వర్డ్ అడిగిందంటే అనుమానించి వెనక్కి రండి. అమ్మకపు సైట్ పేరును గూగుల్‌లో వెతికి పైన వచ్చిన ప్రకటన నొక్కడం కూడా మానండి, నకిలీ సైట్లు ప్రకటనలుగా పైకి వస్తుంటాయి. అడ్రస్‌ను ఒకసారి సరిచూసి బుక్‌మార్క్ పెట్టుకుంటే చాలు.

నాలుగో దారి: నేరుగా మనిషికి, యూపీఐతో

టెలిగ్రామ్‌లోనో, డిస్కార్డ్‌లోనో, వాట్సాప్ గ్రూపులోనో పరిచయమైన మనిషికి స్కిన్ ఇచ్చి ఫోన్‌పే, గూగుల్‌పేలో డబ్బు తీసుకోవడం. కమీషన్ లేదు, డబ్బు వెంటనే వస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. అందుకే మనవాళ్లు ఎక్కువగా ఇటే వెళ్తారు. సందు అన్నింటికంటే పెద్దది కూడా ఇక్కడే, మధ్యలో ఎవరూ లేరు.

అమ్మేవాళ్లకు వచ్చే ప్రమాదాలు ముందు చెబుతాను. పేమెంట్ అయినట్టు చూపించే స్క్రీన్‌షాట్ తయారు చేయడం పెద్ద పనేమీ కాదు. అలా చూపించే నకిలీ యాప్‌లు కూడా ఉన్నాయి. మీ బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూసుకునేదాకా డబ్బు రానట్టే లెక్క. మెసేజ్ వచ్చిందని కూడా నమ్మకండి, బ్యాంకు పేరుతో మామూలు నంబర్ నుంచి మెసేజ్ ఎవరైనా పంపగలరు. డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టే పని ఎప్పుడూ లేదు. "ఈ క్యూఆర్ స్కాన్ చెయ్యి, నీకు డబ్బు పడుతుంది" అంటే మీ ఖాతాలోంచి పోతుందని అర్థం. వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్టులను (డబ్బు పంపమని అడిగే యూపీఐ సందేశాలను) యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ నుంచి ఆపించింది కాబట్టి ఆ పాత మోసానికి దారి మూసుకుంది. క్యూఆర్ మోసం మాత్రం అలాగే ఉంది.

డబ్బు నిజంగా వచ్చినా ఒక చిక్కు ఉంది, దీని గురించి మనవాళ్లు ఆలోచించరు. అవతలివాళ్లు పంపింది ఇంకెవరినో మోసం చేసి తెచ్చిన డబ్బు అయితే, ఆ బాధితులు ఫిర్యాదు చేసినప్పుడు డబ్బు దారి వెతుక్కుంటూ పోలీసులు మీ ఖాతా దాకా వస్తారు. మీ ఖాతా ఫ్రీజ్ అవుతుంది. అందులో కాలేజీ ఫీజు డబ్బు ఉందంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వచ్చిన డబ్బు మాట్లాడిన మనిషి పేరు మీద కాకుండా వేరే పేరు మీద నుంచి వస్తే స్కిన్ పంపకండి, ఆ డబ్బును ఖర్చు పెట్టకండి.

ఇక కొనేవాళ్ల సంగతి. 2025 జులైలో వాల్వ్ ట్రేడ్ ప్రొటెక్షన్ తెచ్చింది. కౌంటర్ స్ట్రైక్ 2 వస్తువు ట్రేడ్ అయ్యాక ఏడు రోజుల పాటు దాన్ని ఇంకెవరికీ పంపలేరు, మార్చలేరు. ఆ ఏడు రోజుల్లో ఇద్దరిలో ఎవరైనా ట్రేడ్‌ను వెనక్కి తిప్పవచ్చు. తిప్పినవాళ్లు ఆ వారంలో చేసిన అలాంటి ట్రేడ్‌లన్నీ వెనక్కి పోతాయి, 30 రోజులు వాళ్లు ట్రేడ్ గానీ మార్కెట్ గానీ వాడలేరు. అకౌంట్ హ్యాక్ అయినవాళ్లకు ఇది పెద్ద వరం. మా తమ్ముడి రోజుల్లో ఇది ఉండి ఉంటే వాడి స్కిన్ తిరిగొచ్చేది.

అదే ఏర్పాటు యూపీఐతో కొనేవాళ్లకు కొత్త ప్రమాదం తెచ్చింది. మీరు 20,000 పంపారు, కత్తి మీ దగ్గరకు వచ్చింది, సంతోషంగా ఆడుతున్నారు. ఆరో రోజు అమ్మినవాడు ట్రేడ్ తిప్పేశాడు. కత్తి వాడికి వెళ్లిపోయింది, మీ డబ్బు వాడి దగ్గరే ఉంది. స్టీమ్ లెక్కలో అక్కడ యూపీఐ అనేదే లేదు, మీరు ఊరికే ఇచ్చిపుచ్చుకున్నారంతే. 30 రోజుల నిషేధానికి భయపడతాడా అంటే, ఇలాంటి పనికే పెట్టుకున్న అకౌంట్ అయితే దానికి ఏ విలువా లేదు. బయటి సైట్లు అమ్మినవాళ్ల డబ్బును దాదాపు వారం ఆపి ఉంచడానికి కారణం ఇదే. ఆ ఆలస్యం చూసి విసుక్కోకండి, ఆ వారం ఆపే మనిషి మధ్యలో ఉన్నందుకే మీరు కమీషన్ కడుతున్నారు.

"మిడిల్‌మ్యాన్ ఉన్నాడు కదా" అంటారు. ఆ మిడిల్‌మ్యాన్‌ను తెచ్చింది ఎవరు? ఎదుటివాళ్లు తెచ్చిన మనిషి వాళ్ల మనిషే అనుకోండి. మీరే ఎంచుకున్నా, పేరున్న మిడిల్‌మ్యాన్ పేరూ బొమ్మా పెట్టుకుని ఇంకొకరు మీ చాట్‌లోకి వస్తారు. గ్రూపులో వందల మంది "లెజిట్" (నమ్మదగినవాడే) అని రాసినా అవి ఎవరు రాశారో మనకు తెలియదు.

నిజ జీవితంలో తెలిసిన మనిషి, ఇల్లు తెలిసిన క్లాస్‌మేట్ అయితే ఈ దారి పరవాలేదు. అప్పుడు కూడా ఏడు రోజుల సంగతి ముందే మాట్లాడుకోండి, సగం ఇప్పుడు, సగం ఎనిమిదో రోజు అని.

మరి ఐడీ కొనడం?

బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ లాంటి ఫోన్ గేమ్‌లు ఆడేవాళ్లు ఇది చదువుతూ "మాకు ట్రేడే లేదు కదా" అనుకుంటారు. వాటిలో స్కిన్‌లు ఒకరి నుంచి ఒకరికి అమ్ముకునే మార్కెట్ లేదు కాబట్టి మొత్తం ఐడీనే, అంటే అకౌంట్‌నే అమ్ముతారు. తెలుగు గ్రూపుల్లో నాకు ఎక్కువగా కనిపించే బేరం ఇదే. నా సలహా సూటిగా చెబుతాను: కొనకండి. పై నాలుగు దారుల్లో సందు కొన్ని సెకన్లో, కొన్ని రోజులో ఉంటుంది. ఐడీ కొంటే ఆ సందు ఎప్పటికీ మూసుకోదు. ఆ ఐడీని మొదట పెట్టినవాళ్ల దగ్గర పాత మెయిల్, పాత బిల్లులు ఉంటాయి. ఆరు నెలల తర్వాతైనా "నా ఐడీ పోయింది" అని వెనక్కి తెచ్చుకోగలరు. అకౌంట్ అమ్మకం నిబంధనలకే విరుద్ధం కాబట్టి మీరు ఎవరికీ ఫిర్యాదు చేయలేరు, చేస్తే ఆ ఐడీనే బ్యాన్ కావచ్చు. సగం ధరకు యూసీ (బీజీఎంఐలో వాడే గేమ్ డబ్బు) ఇస్తామనేవాళ్ల దగ్గరా అంతే, దొంగ కార్డుతో కొన్న యూసీ అయితే దెబ్బ తగిలేది మీ ఐడీకి.

రోబ్లాక్స్ ఆడే చిన్న పిల్లలకు ఒక్క మాట చాలు: ట్రేడ్ పెట్టెలో పెట్టనిది ఏదీ నీకు రాదు. "నన్ను నమ్మి ముందు నీ పెంపుడు జంతువును ఇవ్వు, రెట్టింపు చేసి ఇస్తా" అనేవాళ్లే అక్కడ ఎక్కువ. ఒక గేమ్‌లో వస్తువు ఇచ్చి ఇంకో గేమ్‌లో వస్తువు తీసుకునే బేరానికి ఏ రక్షణా లేదు. అన్ని గేమ్‌ల నిబంధనలు ఒకేలా ఉండవని కూడా గుర్తుంచుకోవాలి. ఈవ్ ఆన్‌లైన్‌లో గేమ్ లోపల ఇంకొకరిని బేరంలో మోసం చేయడం అసలు నిబంధనలకు విరుద్ధమే కాదు. అక్కడ ఫిర్యాదు చేసినా ఎవరూ పట్టించుకోరు.

నేనైతే ఎలా ఎంచుకుంటాను

అయిదు వేల లోపు విలువ ఉన్న స్కిన్ అయితే స్టీమ్ మార్కెట్, ఇంకేమీ ఆలోచించను. ఇంకో స్కిన్ కావాల్సి ఉంటే వస్తువుకు వస్తువు, ఫోన్‌లో ప్రతి వివరం చదివి. ఖరీదైన కత్తి అమ్మి ఇంటి అవసరానికి డబ్బు తెచ్చుకోవాలంటే బయటి సైట్, అది కూడా ముందు ఒక చిన్న వస్తువు అమ్మి ఆ డబ్బు బ్యాంకులో పడిందని చూసుకున్నాకే. కొనేటప్పుడు కూడా నాది ఇదే వరుస. తెలియని మనిషికి యూపీఐతో అమ్మను, కొనను, ఎంత తక్కువ ధర చెప్పినా.

పొరపాటు జరిగిపోతే

కౌంటర్ స్ట్రైక్ 2 వస్తువు పోయి ఏడు రోజులు కాకపోతే ముందు ట్రేడ్ హిస్టరీ పేజీకి వెళ్లి వెనక్కి తిప్పండి. తర్వాత ఏపీఐ కీ, పాస్‌వర్డ్. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే ఆపగలరు, ఏటీఎంలో తీసేశాక కష్టం. అందుకే గంటలు ముఖ్యం. మా తమ్ముడు ఇంట్లో తిడతారని రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో పెద్దవాళ్లు ఇది చదువుతుంటే, పిల్లలు ఇలాంటి విషయం చెప్పినప్పుడు మొదట "ఎప్పుడు జరిగింది?" అని అడగండి. ఎంత పోయిందన్నది తర్వాత.

చాట్ మొత్తం స్క్రీన్‌షాట్ తీసుకోండి, యూపీఐ లావాదేవీ నంబర్ రాసుకోండి. అవతలివాళ్ల స్టీమ్ పేరు రాసుకుంటే సరిపోదు, సాయంత్రానికి అది మారిపోతుంది. వాళ్ల ప్రొఫైల్‌కు 7656తో మొదలయ్యే 17 అంకెల సంఖ్య ఉంటుంది, అది మారదు. బ్లాక్ చేయకముందే దాన్ని రాసి పెట్టుకోండి.